బావ బిగించిన మూత

తొంభైల చివర్లో సంగతి. తొలి కాన్పుకి మా చెల్లి దువ్వాడలో మా ఇంటికొచ్చింది. దాని భర్త ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల మెకానిక్. ఆ ఉదయం నేనూ బావా నా కారు రేడియేటర్ పైపు మార్చి నీళ్లు పోస్తుంటే చెల్లికి నొప్పులు మొదలయ్యాయి.

"బావా, ఇంజన్ ఆపకు. బుడగలు ఆగీదాకా మూతెట్టకు. లోపలి గాలంతా పోవాల, లేపోతే ఇంజన్ మరిగిపోద్ది" అని చెప్పి, చెల్లిని తీసుకురావడానికి లోపలికెళ్లాను. తిరిగొచ్చేసరికి మూత బిగించేసి ఉంది.

"గాలంతా పోయిందా?"

"పోయిందిలే, ఎక్కు బావా!"

గాజువాక దాటగానే బానెట్‌లోంచి ఆవిరి ఎగజిమ్మింది. కారు ఆగిపోయింది. వెనక సీట్లో చెల్లి కేకలు పెడుతోంది.

"బుడగలు ఆగాయా? నిజం సెప్పు!"

"సూడ్లేదు. మా బోటింజన్లకి సముద్రం నీల్లే తిరుగుతాయి. గాలి తీసీదేటి? అంతా నీ సాదస్తం!" అంటూ, మరుగుతున్న రేడియేటర్ మూత తిప్పబోయాడు.

మొహం కాలిపోకుండా అతని చెయ్యి లాగేసి, చెంప ఛెళ్లుమనిపించాను. మా ఇళ్లల్లో అల్లుడి మీద చెయ్యి చేసుకోవడమా! భయంగా చెల్లి వైపు చూశాను.

"నా పేరు సెప్పి ఇంకోటెయ్యన్నయ్యా!" అని అరిచింది.

ఆటోలో ఆస్పత్రికి చేరాం. తల్లీబిడ్డా క్షేమం. ఆ కారు ఎప్పుడో అమ్మేశాను గానీ, నా కోపం ఇంకా చల్లారలేదు. చెల్లి అడిగిన ఆ రెండోది బావకి ఇప్పటికీ బాకీనే.