టీవీ ఎందుకు ఆరలేదు

రూప పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. గౌలిపురలో ఒక్క గది ఇల్లు. ఆమె కంప్యూటరూ, అత్త నాగమణమ్మ టీవీ ఒకే స్విచ్‌బోర్డు మీద నడుస్తాయి. మలక్‌పేట స్టూడియో నుంచి వివేక్ పంపే పనే ఆ ఇంటికి తిండి. ఈ మధ్య వీడియోలు బరువెక్కాయని, గ్రాఫిక్స్ కార్డు వేయించుకోమన్నది అతనే. గల్లీలో కంప్యూటర్లు బిగించే బబ్లూ వేసి పోయాడు. అప్పటి నుంచీ వీడియో సగం తయారయ్యేసరికి కంప్యూటరు టప్పున ఆరిపోతోంది. మళ్లీ మొదటి నుంచి.

"ఇంకొక్కసారి లేటైతే పని వేరేటోళ్లకు ఇస్త రూపక్కా. పెళ్లిపిల్ల తండ్రి నా పానం తింటుండు," అన్నాడు వివేక్.

బస్తీలో ఏది ఆగినా జనం ముందు తిట్టేది కరెంటునే. రూపకూ అదే తోచింది. కరెంటు ఆఫీసులో ఒక పూటంతా నిలబడింది. "మీ దిక్కు దొంగ కనెక్షన్లు మస్తు. గిట్లనే ఉంటది," అన్నాడు అక్కడి సారు, తలెత్తకుండానే. నెలనెలా బిల్లు కట్టే మనిషి కూడా గౌలిపుర అడ్రసు చెప్పగానే దొంగైపోవాలి. ఆ మాట దిగమింగుకుని, చీటీ ఎత్తి స్టెబిలైజర్ కొనుక్కొచ్చింది. మర్నాడు స్టెబిలైజర్ దీపం వెలుగుతూనే ఉంది. కంప్యూటరు మాత్రం ఆరిపోయింది.

ఆ దీపం వైపు చూడకుండానే రూప బల్ల మీద తల వాల్చింది. "మల్ల కరెంటు పోయిందత్తమ్మా."

నాగమణమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "యాడ పోయిందే? నా సీరియల్ నడుస్తనే ఉంది గద. కరెంటు నీ ఒక్కదాని మీదనే అలిగిందా ఏంది?"

రూప తలెత్తి టీవీ వైపు చూసింది. ఇన్నాళ్లలో అది ఒక్కసారీ ఆరలేదు.

కంప్యూటరు డబ్బా, స్టెబిలైజర్ ఆటోలో వేసుకుని కోఠిలో కైలాసం దుకాణానికి పోయింది. అతను మూత విప్పి, లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లైని ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఖాళీ డబ్బా లెక్క లేదా అక్కా? పైన అయిదువందల వాట్లని రాసిండ్రు, అండ్ల సగం గూడ ఇయ్యది. నీ కార్డు, ప్రాసెసర్ కలిసి పని మీదికొస్తే మూడువందలు లాగుతయి. తట్టుకోలేక ఆరిపోతది. పాత కేబినెట్‌తోని ఫ్రీగా వచ్చింది గిది."

"అయితే సరైంది ఇయ్యి."

అతను అలాంటిదే ఇంకొకటి కౌంటర్ మీద పెట్టాడు. "గిది తీస్కపో. మీ బస్తీల అందరు గిదే తీస్కుంటరు."

"మేం అడుగుతమా, మీరు అంటగడుతరా?" రూప గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. "ఆ ఆఫీసాయన మమ్ముల దొంగలంటడు. నువ్వేమో మాకు గింతే చాలంటవ్. వారంటీ ఉన్నది చూపియ్యి భాయ్."

కైలాసం లోపలికి పోయి బరువైన డబ్బా ఒకటి తెచ్చాడు. ఇది అయిదువందల యాభై వాట్లు నిజంగానే ఇస్తుందని, వాడకం పోను మిగులు కూడా ఉంటుందని చెప్పాడు. ధర విన్నాక రూప స్టెబిలైజర్‌ను అతని వైపు నెట్టింది. "ఇది తీస్కొని, దీని పైసలు పోను మిగిలింది చెప్పు."

కొత్తది బిగించుకుని వచ్చాక, ఆ సాయంత్రం వీడియో తయారవుతున్నంతసేపూ ఆమె కుర్చీలోంచి కదలలేదు. మంగళసూత్రం దాటింది, తలంబ్రాలు దాటాయి. అప్పగింతల దాకా వచ్చి పూర్తయింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పీకి, పిడికిట్లో పెట్టుకుంది. అంతలో గది మొత్తం చీకటైంది.

"ఇగో, ఇప్పుడు నా సీరియల్ గూడ పోయింది," అంది నాగమణమ్మ. "ఇది కరెంటే."

రూపకు నవ్వే ఓపిక లేదు. ఫోన్ తీసి కరెంటు ఆఫీసు నంబరు నొక్కింది.

"గౌలిపుర నుంచి మాట్లాడుతున్న సారూ. బిల్లు కట్టిన. కరెంటు ఎప్పుడొస్తదో చెప్పుండ్రి."