జాజు గుర్తు సైకిలు

మా అమ్మ సత్తెమ్మ కరెంటు సైకిలు కొన్నప్పుడు ఆమెకు యాభై మూడేళ్లు. మాది నిడమనూరు పక్కన ఊరు. నాన్న మైసయ్య గొర్రెల వెంట పోయేవాడు, అమ్మ రెండు బర్రెల పాలు మిర్యాలగూడ హోటళ్లకు వేసేది. ఆటో కోసం ఎండలో నిలబడితే పాలు విరిగిపోయేవి. నేను సూర్యాపేటలో బడిపంతులుని. ఒక ఆదివారం ఇంటికి పోతే అంది:

"శ్రీనాథూ, కోదాడల కరెంటు సైకిళ్లు అమ్ముతున్నరంట. మీ మామ చెప్పిండు. జర తోలుకపో."

"ఈ వయసుల బండేందే అమ్మా?"

"చిన్నప్పుడు మా అన్నల సైకిలు ఎత్తుకపోయి తొక్కిన. కాళ్లు మరిచిపోతయా?"

కోదాడ దుకాణంలో రాజ్‌కుమార్ అనే ఆయన నీలం రంగు సైకిలు చూపించాడు. సీటు కింద ఒక నల్ల పెట్టె ఉంది. మూత తీసి లోపలున్న తెల్ల తీగను వేలితో తాకాడు.

"పిన్నిగారూ, వేగానికి తాళం ఇదేనండి. ఇది ఉన్నంతసేపు బండి ఇరవై అయిదు దాటదు. దీన్ని లాగేస్తే నలభై దాకా వెళ్తుంది. అందరికీ లాగేసే ఇస్తున్నాం."

"నలభై మీద పోతే క్యాన్ల పాలు మిర్యాలగూడ చేరేసరికి వెన్న తేలుతయి. ఉండనీ నాయన."

"ఇంత పెట్టి కొని మెల్లగా వెళ్తారా?"

"గొర్రెల ఎంబడి నడిచెటోళ్లం. మాకు ఇరవై అయిదంటె ఉరుకుడే."

రాజ్‌కుమార్ నవ్వి మూత బిగించాడు. కానీ అమ్మకు నమ్మకం కుదరలేదు. రేపు ఎవరైనా బాగుచేస్తామని తీసుకుపోయి తీగ లాగేస్తే తనకెట్లా తెలుస్తుంది? ఇంటికి రాగానే ఆమె మా కులంలో ఎవరైనా చేసే పనే చేసింది. వేరేవాళ్ల మందలో మన గొర్రెలను కలిపి మేతకు పంపేటప్పుడు ఒక్కోదాని వీపు మీద జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, గుర్తు వేస్తాం. మా ఇంటి గుర్తు రెండు గీతలు, ఒక చుక్క. అమ్మ ఎర్రజాజును తుమ్మబంకలో చిక్కగా కలిపింది. చక్రాలకు, బ్యాటరీకి వేసింది. చివరికి నల్ల పెట్టె మూత విప్పి, తెల్ల తీగ మీదా, అది దూరిన గూటి మీదా కలిసేటట్టు రెండు గీతలు, ఒక చుక్క పెట్టింది. బంక ఆరితే పెంకులాగా గట్టిపడుతుంది.

"గొర్రె అనుకున్నవా దాన్ని?" అన్నాడు నాన్న.

"గొర్రెనే. గడ్డి తినదు, గంతే."

వారం రోజుల్లో ఇంకో సంగతి కనిపెట్టింది. ఆ సైకిలుకు చప్పుడు లేదు. ముందు నడిచేవాళ్లకు వెనుక బండి వస్తున్నట్టే తెలియదు. కోళ్లు, కుక్కలు, మనుషులు ఒకే తీరుగా ఉలిక్కిపడి అడ్డం వచ్చేవాళ్లు. దాంతో మంద ముందు నడిచే మేకపోతు మెడలోని గంట విప్పి సైకిలు హ్యాండిలుకు కట్టింది. సైకిలు కదిలినంతసేపు అది మోగేది. మెల్లగా పోతే ఆగి ఆగి, జోరుగా పోతే గలగలా. దారి పొడవునా జనం "పాల సత్తెమ్మ వస్తున్నది" అని తిరిగి చూడకుండానే తప్పుకునేవాళ్లు. నాన్న మాత్రం నెల రోజులు మేకపోతు అలిగిందని గొణిగాడు.

ఏడాదిన్నర అట్లా గడిచింది. ఎండాకాలం, యాసంగి వరి కోతల రోజులు. కాలువ వంతెన దాటాక రోడ్డు ఎడమ సగమంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచున రాళ్లు పేర్చి. పక్క ఊరి జానకమ్మ రోడ్డుకు వీపు పెట్టి కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. అమ్మ వడ్ల అంచు వెంట పోతోంది. మిగిలిన సగం రోడ్డులో వెనుక నుంచి ఒక కారు దాటబోయి పాల క్యాను అంచును రాసింది. సైకిలు వడ్ల మీదికి జారింది. అమ్మ ఒక పక్క పడింది. సైకిలు పోయి జానకమ్మ కాలికి తగిలింది.

అమ్మకు ముంజేయి విరిగింది, జానకమ్మకు మోకాలి కింద ఎముక.

కారు ఆయన పేరు వీరయ్య. పారిపోలేదు, అది ఒప్పుకోవాలి. జానకమ్మను తన కారులోనే ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు. కానీ పోలీసు స్టేషన్‌లో మాత్రం ఇట్లా చెప్పాడు: "నేను నలభై మీద పోతున్న. ఈ ముసలామె బ్యాటరీ బండి మీద నన్ను దాటి ఉరికింది. వడ్ల మీద జారి ఆమెను గుద్దింది. నేను సాయం చేసిన, అంతే."

అందరూ నమ్మారు. బ్యాటరీ బండ్ల తాళాలు తెంపించుకుని యాభై మీద ఉరికే కుర్రాళ్లను రోజూ చూస్తున్నవాళ్లే మరి. జానకమ్మ కూడా కాదనలేదు. తన వీపు వెనుక ఏం జరిగిందో ఆమె చూడలేదు. చూసిందల్లా తన కాలి మీద పడి ఉన్న సైకిలు, తనను ఎత్తుకున్న వీరయ్య.

సూర్యాపేట దవాఖానలో చేతికి కట్టుతో పడుకుని అమ్మ అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"నా చెయ్యి సంగతి ఇడిసిపెట్టు బిడ్డా. జానకమ్మ కాలు ఇరగ్గొట్టింది నేనా, కాదా? గదొక్కటి తేలాలె."

తేలడం అంత తేలిక కాలేదు. పరిహారం కోసం జానకమ్మ వేసిన కేసులో కారు ఒక పక్షం, అమ్మ ఒక పక్షం. సుధ అనే వకీలు మా తరఫున నిలబడింది. ఆమె చెప్పింది: "సత్తెమ్మక్కా, చిన్న మోటారుతో ఇరవై అయిదు దాటని బండి చట్టం లెక్కల సైకిలే. లైసెన్సు అక్కర్లే, ఇన్సూరెన్సు అక్కర్లే. తాళం తెంపితే మాత్రం అది మోటారు బండి. అప్పుడు లైసెన్సు లేకుండ నడిపిన తప్పు, గుద్దిన తప్పు, రెండూ నీ నెత్తి మీదికే వస్తయి."

"నాది తెంపలే గద."

"రిపోర్టు చదువుత, ఇను."

బండిని పరీక్షించిన బ్రేకు ఇన్‌స్పెక్టరు రిపోర్టులో ఉన్నది ఇది: నల్ల పెట్టె మూత విప్పిన ఆనవాళ్లు ఉన్నాయి. లోపల తీగ మీద ఎర్ర రంగు పూత ఉంది. యజమాని మార్పులు చేసినట్టు అనుమానం.

నాన్న తల పట్టుకున్నాడు. "చెప్తె ఇన్నవా? గొర్రెకేసినట్టు ఏసినవ్. గదే మెడకు సుట్టుకునె."

ఆ వారం రోజులు అమ్మ సరిగా తినలేదు. తాళాన్ని కాపాడడానికి వేసిన గుర్తే తాళం తెంపినట్టు సాక్ష్యం చెబుతోంది. చివరికి సుధ అడిగింది: "అసలు ఆ రంగేందక్కా?"

అమ్మ మంద సంగతి చెప్పింది. "పరాయి మందల కలిసిన గొర్రెను మార్చెటోడు గుర్తు చెరపకుండ మార్చలేడు. గిదీ గంతే. తీగె గుంజితే బంక పగులుతది. నా బంక పగిలిందో లేదో పోయి సూడుండ్రి."

సుధ ఒక్కసారిగా నవ్వింది. "అక్కా, ఇన్ని రోజులు ఈ మాట ఎందుకు చెప్పలే?"

"మీరు అడగలే."

కోర్టులో సుధ పట్టుబట్టింది. బండిని అందరి ముందు విప్పాలి, అదే రోడ్డు మీద నడిపి చూడాలి. కోర్టు ఒప్పుకుని తన తరఫున ఒక సీనియర్ వకీలును పంపింది. పెట్టె విప్పి చూపడానికి రాజ్‌కుమార్ రావాలి. అమ్మ ఫోన్ చేస్తే ఆయన నసిగాడు.

"పిన్నిగారూ, నేనొస్తే మిగతా బండ్ల సంగతి కూడా అడుగుతారండి. నా దుకాణం ఏం కావాలి?"

"అడిగితే ఉన్నది చెప్పు నాయన. అబద్ధమెక్కితే అది యాడ పడేస్తదో ఎవరికెరుక? దానికి తాళమే లేకపాయె."

ఆయన వచ్చాడు.

అప్పటికి వానాకాలం పంట కోతకొచ్చింది. మళ్లీ రోడ్డు సగం వడ్లే. రెండు ఊళ్ల జనం, మిల్లుకు పోయే లారీల డ్రైవర్లు, అందరూ చేరారు. జానకమ్మ కర్ర ఊతంతో వచ్చి గట్టు మీద కూర్చుంది. అమ్మ వంక చూడలేదు.

రాజ్‌కుమార్ మూత విప్పాడు. రెండు గీతలు, ఒక చుక్క. తీగ నుంచి గూటి మీదికి ఎక్కడా తెగకుండా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు గోరుతో అంచును గీరితే పెంకులాగా ఒక ముక్క రాలింది.

"ఈ తీగ లాగాలంటే ఈ గుర్తు పగలాల్సిందేనండి," అన్నాడు రాజ్‌కుమార్. "పగల్లేదు."

కారు తరఫు వకీలు ఒప్పుకోలేదు. "వేగం చూడాలి. అయితే ఆమె నడపొద్దు. కావాలని మెల్లగా నడుపుతుంది."

"అయితే వీరయ్య సారే నడపాలె," అంది సుధ. "ఆయన్ని దాటి ఉరికిన బండి గదా, ఆయనకే తెల్వాలె దాని జోరు."

జనం గొల్లుమన్నారు. వీరయ్య అటూ ఇటూ చూశాడు గానీ తప్పించుకునే దారి లేదు. ఎక్కాడు. ఇన్‌స్పెక్టరు వేగం కొలిచే యంత్రం పట్టుకుని వంతెన దగ్గర నిలబడ్డాడు. వీరయ్య హ్యాండిలు పిడిని చివరిదాకా తిప్పాడు. గంట గలగలలాడింది. పాలామె సైకిలు మీద ఇస్త్రీ చొక్కా మనిషి ముందుకు వంగి, చెమటలు కక్కుతూ వస్తున్నాడు.

"ఇంక తిప్పు సారూ!"

"దిగి ఉరుకు, జల్ది పోతవ్!"

"ఇరవై మూడు," అని ఇన్‌స్పెక్టరు గట్టిగా చదివాడు.

రెండోసారి కూడా ఇరవై మూడే. తర్వాత అమ్మ ఎక్కింది. ఆమె బరువు తక్కువ. ఇరవై నాలుగు.

"నలభై మీద పోయే కారును ఇరవై నాలుగు మీద పోయే సైకిలు ఎట్లా దాటింది?" అని కోర్టు పంపిన వకీలు వీరయ్యను అడిగాడు. వీరయ్య చేతిగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడు లేచింది జానకమ్మ. రోడ్డుకు వీపు పెట్టి నిలబడింది, ఆ రోజు నిలబడ్డట్టే.

"సారూ, ఇంకొక్కసారి నడిపియ్యుండ్రి. నేను చెవి పెట్టి ఇంట."

అమ్మ మళ్లీ నడిపింది. గంట మోగుతూ ఆమె వెనుక నుంచి దాటిపోయింది. జానకమ్మ తిరిగింది. కళ్లలో నీళ్లు.

"ఆ దినం గంట గింత జోరు మోగలే. ఆగి ఆగి మోగింది. దాని ఎనుక కారు హారన్ కొట్టింది. నేను చెవులార ఇన్న. నన్ను ఎత్తుకపోయి దవాఖానల ఏసిండని నోరు మూసుకుంటి. సత్తెమ్మొదినె, నన్ను ఏమన్న అను."

అమ్మ సైకిలు స్టాండు వేసి దగ్గరికి పోయింది. ఏమంటుందోనని అందరం చూస్తున్నాం.

"ఏమనాలె? నీ కాలు నేను ఇరగ్గొట్టలే. గది తెలిసింది, సాలు." తర్వాత వడ్ల వైపు చూపించింది. "గని గివి మాత్రం రోడ్డు మీద పొయ్యకు."

నాన్న కండువా గాల్లో తిప్పి, మందను అదిలించేటప్పటి కేక ఒకటి పెట్టి పగలబడి నవ్వాడు. అది విని కాలువ అవతల మేస్తున్న మా గొర్రెలన్నీ తలలెత్తాయి. అంత గట్టిగా నాన్న నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు.

తీర్పులో కోర్టు, తప్పు చాలావరకు కారుదేనంది, రోడ్డు మీద వడ్లు పోసినందుకు తప్పులో కొంత భాగం జానకమ్మ మీద పెట్టింది. సత్తెమ్మ తప్పు ఏమీ లేదని విడిగా ఒక వాక్యం రాసింది. ఆ వాక్యాన్ని నాతో మూడుసార్లు చదివించుకుంది అమ్మ. మర్నాడు పాలు పోస్తుంటే మిర్యాలగూడ హోటలు వాళ్లు ఆమెకు కుర్చీ వేసి, ఆమె పాలతోనే చాయ్ పెట్టి ఇచ్చారు.

ఆ తర్వాత కరెంటు సైకిళ్లున్నవాళ్లు మా వాకిట్లోకి రావడం మొదలైంది. తెంపిన తీగలు మళ్లీ కలిపించుకుని, "సత్తెమ్మ గుర్తు ఏసియ్యి" అని అడిగేవాళ్లు. ఒకరోజు కోదాడ నుంచి ఫోన్.

"పిన్నిగారూ, ఆ బంక పాళ్లు ఎంతెంతండి? ఇక నుంచి ప్రతి బండికీ గుర్తు వేసే ఇస్తున్నాను."

అమ్మ ఫోన్ నాకిచ్చి పక్కకు తిరిగి నవ్వింది. పాళ్లు మాత్రం చెప్పింది.

పోయిన ఏడు యాసంగి కోతలప్పుడే ఆమె గుండె ఆగింది. ముందు రోజు దాకా పాలు వేసింది. పాడె కాలువ వంతెన దాటి పోవాలి. రోడ్డు సగం మళ్లీ వడ్లే, వేరేవాళ్లవి. మేము వంతెన ఎక్కేసరికి ముందు జానకమ్మ కనిపించింది. కుంటుతూనే చీపురుతో వడ్లు అంచుకు నెడుతోంది, అంచు రాళ్లు తీసి కాలువ గట్టు మీదికి విసురుతోంది. వడ్ల యజమాని గొడవకు దిగబోయాడు.

"ముట్టుకున్నవంటె సూడు," అంది అతనితో. "సత్తెమ్మొదినె ఎన్నడు తన తోవ దాటి రాలె. ఆమె తోవ ఆమెకు ఇయ్యి."

అతను కూడా చీపురు అందుకున్నాడు. నేను వెనుక సైకిలు నడిపిస్తూ వస్తున్నాను. గంట ఆగి ఆగి మోగుతోంది. రోడ్డు పూర్తి వెడల్పు మా ముందు ఖాళీగా ఉంది.