పెద్దాయన పేరు తీసేసిన రోజు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పుంగనూరులోని ఒక ఆఫీసులో రేషన్ కార్డుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేసేదాన్ని. అందులో ప్రతి కుటుంబమూ చెట్టులా ఉండేది. పైన ఇంటి యజమాని, ఆయన కింద భార్య, కొడుకులు, వాళ్ల కింద పిల్లలు.

ఒకరోజు చనిపోయినవాళ్ల జాబితా చూసి మునెప్ప అనే పెద్దాయన పేరు తీసేశాను. నెల తిరిగేసరికి ఆయన భార్య గంగమ్మ ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వచ్చింది. స్టోరులో వాళ్లకు బియ్యం ఇవ్వలేదట. వెతికి చూశాను. పెద్దాయనతో పాటు ఆయన కింద ఉన్న తొమ్మిది పేర్లూ చెరిగిపోయాయి. వాళ్లంతా నా ఎదురుగానే నిలబడి ఉన్నారు. నాకు తల కొట్టేసినట్లయింది.

"ఇంకొకరిని యజమానిగా పెట్టకుండానే ఆయన పేరు తీసేసినానమ్మా. దాంతో కింది పేర్లన్నీ పోయినాయి," అన్నాను.

ఆమె కోప్పడలేదు. "ఆయన పోయే ముందే ఇంటి బీగాల గుత్తి నా చేతిలో పెట్టినాడు పాపా. మీ కంప్యూటర్లో ఆ పని ఎవురూ సెయ్యలేదా?" అని అడిగింది.

గంగమ్మ పేరు పైన పెట్టి, మిగతావాళ్లవి ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించాను. ఇప్పటికీ ఏ రికార్డు తీసేయాల్సి వచ్చినా, బీగాలు ఎవరి చేతికి వెళ్లాలో చూసుకున్నాకే తీసేస్తాను.

– రెడ్డెమ్మ, కుప్పం