బెల్లంగాడి పద్నాలుగు రోజులు

ఆ రోజుల్లో ఏ పనైనా వచ్చే ఆదివారానికి వాయిదా వేస్తే గానీ నాకు తృప్తి ఉండేది కాదు. వయసు ఇరవై మూడు, హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా కొత్త ఉద్యోగం, ఆదివారాలు ఎప్పటికీ అయిపోవన్న గట్టి నమ్మకం. ఆ ఊరి నుంచే నేనూ, నా దోస్తు లంబూ (మనిషి ఆరడుగుల పైనే, వాడి నుదురు తగలని గుమ్మం లేదు) ఒకే తల్లి కన్న రెండు కుక్కపిల్లల్ని సబ్బుల అట్టపెట్టెలో పెట్టి బండి మీద తెచ్చుకున్నాం. ఒకటి హనుమకొండలో మా ఇంటికి, ఇంకోటి ఖిలా వరంగల్‌లో వాడింటికి. మాది కిరాణా కొట్టు ఇల్లు కాబట్టి, రంగు చూసి మావాడికి బెల్లం అని పేరు పెట్టాం. లంబు తనదానికి టైగర్ అని పెట్టాడు. ఆ టైగరు పిల్లి అరిస్తే మంచం కింద దూరేది. మొదటి టీకా రెండింటికీ కలిపే వేయించాం. రెండో టీకా రోజు లంబు పొద్దున్నే బండేసుకుని వస్తే, టీవీలో మ్యాచ్ చూస్తూ, "వచ్చే ఆదివారం పోదాం తియ్, ఏం గాదు" అన్నది నేనే. ఆ మాట నాదేనని ముందే ఒప్పుకుంటే మంచిది, ఎందుకంటే ఆ తర్వాత చాలా రోజులు ఎవరికీ ఒప్పుకోలేదు.

వచ్చే ఆదివారం రాకముందే టైగర్‌కు వాంతులు పట్టుకున్నాయి. తర్వాత రక్త విరేచనాలు. మూడో రోజుకు పోయింది. నేను వెళ్లేసరికి లంబు దాన్ని పాత టవల్‌లో చుట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి అలా ముడుచుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్లింటి వెనక, మట్టికోట కట్ట పక్కన ఇద్దరం గుంత తవ్వి పూడ్చాం. వాడు మట్టి కప్పుతూ, "ఆదివారం పోతే బతుకుతుండెనా రా" అని అడిగాడు. నేను వినపడనట్టు పార శుభ్రం చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపమ్మ (మా నాన్నకు అమ్మ) గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నా కాళ్లకున్న ఎర్రమట్టి చూసింది.

"ఏడికెళ్లి వస్తానవ్ బిడ్డా?"

"లంబుగాని కుక్కపిల్ల సచ్చిపోయింది బాపమ్మా. పూడ్చిపెట్టి వస్తాన."

"అట్లయితే ఆడ్నే నిలవడు. బకెట్ల నీళ్లు తెస్త, తానం జేసి లోపల్కి రా."

నాకు అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. డిగ్రీ చదివినవాణ్ణి, పైగా కంప్యూటర్ ల్యాబు మొత్తం నా చేతిలో ఉంది. "కుక్క సస్తే గూడ మైలనా? పదకొండో దినం గూడ చేద్దామా?" అన్నాను. బాపమ్మ చాట పక్కన పెట్టి లేచి, గుమ్మం పక్కన నిద్రపోతున్న బెల్లాన్ని కొంగుతో పట్టుకుని ఎత్తి, పెరట్లోకి తీసుకుపోయి కట్టేసింది. కుక్క నీడ పడితే చీర మార్చుకునే మనిషి దాన్ని ఎత్తుకోవడం వింతగానే అనిపించింది గానీ, నా మీది కోపం దాని మీద చూపిస్తోందనుకున్నాను. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, బాత్‌రూంలో కాళ్లూ చేతులూ కడుక్కుని, బట్టలు ఉతికేవాటిలో పడేసి పడుకున్నాను.

మర్నాడు ఆఫీసు బూట్లు వేసుకుని, బెల్లాన్ని చంకన పెట్టుకుని పశువుల దవాఖానకు పోయాను. డాక్టరమ్మ అంతా విని, "సచ్చిన పిల్లను ముట్టుకున్నవా? అదే చెప్పులతోటి ఇంటికొచ్చినవా?" అని అడిగింది. ఈ రోగం గాలికి రాదట, చెప్పుల మట్టికి అంటుకుని వస్తుందట. ఆ మట్టిలో నెలల తరబడి చావదట. సూదేసింది గానీ, "ఇది పనిచేసేటందుకు దినాలు వడ్తది. ఇప్పటికే అంటుకుంటే ఆపలేం. పద్నాలుగు రోజులు చూస్కో" అని పంపించింది.

ఇంటికొచ్చి చూస్తే గుమ్మం దగ్గర చెప్పులు లేవు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు వారమే బెల్లం మా నాన్న చెప్పు పట్టీ కొరికి వార్నింగ్ తిని ఉన్నాడు. కాబట్టి నాకు అనుమానం కూడా రాలేదు, నేరుగా నమ్మకమే వచ్చింది. వాడు రోగం అంటిన నా చెప్పుల్ని తినేశాడు. రెండింటినీ. మంచాల కింద, కొట్లో బస్తాల వెనక, పెరట్లో అరటిచెట్టు మొదట్లో వెతికాను. ముక్క కూడా దొరకలేదు. వాడి నోరు తెరిచి టార్చి వేసి చూశాను. నేనేదో కొత్త ఆట కనిపెట్టాననుకుని వాడు నా ముక్కు నాకాడు.

ఆ రోజు నుంచి నేను మనిషిని కాను. కొట్లోంచి బ్లీచింగ్ పౌడర్ తెచ్చి ఇల్లంతా చల్లాను. వాడి గిన్నె రోజుకు నాలుగుసార్లు బ్లీచింగ్‌లో ముంచాను. నాలుగో రోజు వాడు అన్నం వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "తినకపోవుడు మొదటి లక్షణం" అని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి కాలేజీకి సెలవు పెట్టాను. నిజానికి ఆ గిన్నెలో నేనైనా తినలేను, అంత కంపు. వాడు పెరట్లో కూర్చుంటే చాలు, వెనకే కర్రపుల్ల పట్టుకుని పోయి పరీక్ష చేసేవాణ్ణి. మా నాన్న కొట్టుకు బయల్దేరుతూ ఆ దృశ్యం చూసి, "నీకు కామెర్లయినప్పుడు గూడ ఈ ఇంట్ల గింత ఫికర్ లేకుండె" అనేసి పోయారు.

లంబు రోజూ ఫోన్ చేసేవాడు. నేను ఎత్తలేదు. ఎత్తితే ఇంటికొస్తానంటాడని భయం. లోపలెక్కడో ఇంకో భయం, మళ్లీ ఆ ఆదివారం గురించి అడుగుతాడని.

ఆరో రోజు వాడే వచ్చాడు. గేటు బయట నిలబడి, "బెల్లంగాన్ని ఒక్కసారి చూసి పోత రా, వాని మొఖం గూడ గట్లనే ఉంటది గద" అన్నాడు. నేను వరండాలోంచే, "లోపలికి రాకురా, నీ చెప్పులకు ఉంటది" అన్నాను. వాడు తన కాళ్ల వంక చూసుకున్నాడు. పాపం, చెప్పులు విడిచేశాడు కూడా. ఆ మీదట పాదాల వంక నేను చూసిన చూపుకు మళ్లీ వేసుకున్నాడు. జేబులోంచి ఎర్ర బెల్టు తీశాడు, కుక్క మెడకు కట్టేది, పెద్దయినా సరిపోయేంత పొడుగుది. "టైగర్‌కు కొన్న. ఒక్కరోజు గూడ పెట్టలే. బెల్లంకు పెట్టు" అన్నాడు. గేటుకు తగిలించమన్నాను. తగిలించి వెళ్లాడు. నేను కర్రతో ఆ బెల్టును ఎత్తి, చేతికి అంటకుండా పట్టుకుపోయి బ్లీచింగ్ బకెట్లో ముంచాను. తలెత్తేసరికి వాడు సందు మలుపులో నిలబడి వెనక్కి చూస్తున్నాడు. తల దించుకుని పోయాడు. అంత పొడుగు మనిషి మరీ చిన్నగా కనిపించాడు.

బాపమ్మ గుమ్మంలోంచి అంతా చూసింది.

"నీ చెప్పులు కుక్క తినలేదు బిడ్డా. ఆ దినమే నేను పుల్లతోటి ఎత్తి పొయ్యిల వారేసిన. తానం జెయ్యకపోతివి, చెప్పులన్న పోవాలె గద" అంది.

నాకు కోపం రావాలో, ఆమె కాళ్ల మీద పడాలో తెలియలేదు. "ఆరు దినాల సంది నేను ఏడుస్తాంటే చెప్పవా?" అన్నాను.

"నువ్వు నన్నడిగినవా? కుక్కనడిగినవ్." గేటు వైపు చెయ్యి చూపించి మళ్లీ అంది. "సావింటికి పోయొచ్చి తానం జేత్తరు గని, పోవుడు బంద్ జేత్తరా? పోవాలెననే గద తానం వెట్టింది. పో. ఆ పోరగాడు ఒక్కడే పోతాండు."

బూట్లు వేసుకుని వాణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాను. కోట దగ్గర, టైగర్‌ను పూడ్చిన చోటే దొరికాడు. పక్కన కూర్చున్నాను. "ఆ ఆదివారం పోతే బతుకుతుండెనేమో రా. వద్దన్నది నేనే" అన్నాను. లంబు గుంత మీది మట్టిని అరచేత్తో సర్దాడు. తర్వాత, "నాకు ఎరుక. నువ్వంటవా అనవా అని చూస్తాన" అన్నాడు. ఆ పూట మేమిద్దరం ఏడ్చినంతగా ఏ కుక్క కోసమూ ఎవరూ ఏడ్చి ఉండరు. అందులో సగం కుక్క కోసం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

తిరిగొచ్చేసరికి గేటు లోపల బకెట్టు నిండా వేడినీళ్లు, పక్కన సబ్బు, పొడి బట్టలు, వేపాకు రెమ్మ ఉన్నాయి. కిక్కురుమనకుండా అక్కడే స్నానం చేశాను. బూట్ల మీద బ్లీచింగ్ నీళ్లు నేనే పోసుకున్నాను (అవి మళ్లీ బూట్లలా కనిపించలేదు).

పద్నాలుగు రోజులు గడిచాయి. బెల్లానికి ఏమీ కాలేదు. సూది కాపాడిందా, పొయ్యిలో కాలిన చెప్పులు కాపాడాయా, ఉత్త అదృష్టమా అని డాక్టరమ్మను అడిగితే, ఆమె కూడా చెప్పలేనంది. ఒకే తల్లి పిల్లల్లో ఒకటెందుకు ఉండిపోయిందో నాకిప్పటికీ తెలియదు. తల్చుకుంటే గుబులుగానే ఉంటుంది.

కొన్నేళ్లకు బాపమ్మ పోయింది. శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర వేడినీళ్ల బకెట్టు పెట్టి ఉంది. అది పెట్టాల్సిన మనిషే లేదు కదా అని చూస్తే, మా కంటే ముందే వచ్చిన లంబు, తడి తలతో, ఇంకో బకెట్టు మోసుకొస్తున్నాడు. బెల్లంగాడు మెట్టు మీద నిలబడి తోకాడిస్తున్నాడు, దగ్గరికి మాత్రం రాలేదు. నేను తల మీద నీళ్లు పోసుకునేదాకా ఆగి, అప్పుడొచ్చి నా మోకాలికి తల ఆనించాడు. వాడి మెడలో బెల్టు ఎప్పుడో ఎర్రది. ఆ ఆరో రోజు నేను బ్లీచింగ్‌లో ముంచిన చోటల్లా తెల్లగా వెలిసిపోయి ఉంటుంది. మార్చమని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు. మూతి నెరిసిన ఈ వయసులో కూడా వాడు దాన్నే కట్టుకుని తిరుగుతున్నాడు. ఒక్క చెప్పు కూడా తినకుండానే దొంగ అనిపించుకున్న మహానుభావుడు, నాతో ఆ ఊసెత్తడు.