ఆముదం రాసిన కారు

మా ఇంటికి కారు వచ్చిన కొత్తలో మాకు దాని మీద ప్రేమ కంటే భయమే ఎక్కువగా ఉండేది. కొత్తదేమీ కాదు, ఒకరు వాడి అమ్మినదే. అయినా మా బాపు దాన్ని వాకిట్లో నిలబెట్టిన రోజు నుంచి ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం, పక్క గదిలో ఎవరో పెద్ద చుట్టం పడుకుని ఉన్నట్టు. పైగా అది తెల్ల కారు. బాన్సువాడలో తెల్ల కారు కొనడం ఎంత ధైర్యమో కోతల కాలంలో ఇక్కడ నాలుగు రోజులుంటే తెలుస్తుంది. చుట్టూ నిజాంసాగర్ నీళ్లు పారే వరి పొలాలే కదా, యాసంగి కోతలు మొదలైతే చాలు, పొట్టు ధూళి ఊరంతా పలుచగా పరుచుకుంటుంది. పొద్దున తుడిచిన కారు మధ్యాహ్నానికి మట్టి రంగుకు తిరిగేది. బాపు భుజం మీది తువ్వాలతో ముందు కారును తుడిచి, తర్వాత అదే తువ్వాలతో ముఖం తుడుచుకునేవాడు. (ఆ వరుస తిరగేయమని అమ్మ ఎంత చెప్పినా వినలేదు.)

అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. నన్నెరిగినవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. బస్సులో నేను దిగాల్సిన చోటు వచ్చినా, ఆపమని అడగడానికి మొహమాటపడి, ఇంకెవరో దిగే చోట దిగి వెనక్కి నడిచి వచ్చే రకాన్ని నేను. (సగం చదివి వదిలిన నవలలకు ఆ నడకలోనే ముగింపులు కట్టుకునేదాన్ని.) కానీ స్టీరింగ్ ముందు కూర్చుంటే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఎక్కడ ఆగాలో, ఎటు తిరగాలో మన చేతిలోనే ఉంటుంది. నా ఆశంతా అందుకే. లైసెన్సు వచ్చి నెలలు గడిచినా బాపు మాత్రం తాళం ఇవ్వలేదు. అడిగితే, “ఇస్త బిడ్డా, జర ఆగు. బండి చేతికి అలవాటు కావాలె” అనేవాడు.

“ఎవరి చేతికి బాపూ?”

“నా చేతికే. నాకే ఇంకా అలవాటు కాలే.”

ఇలా ఉండగా బిచ్కుందలో మా మేనత్త వాళ్లు కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఆదివారం గృహప్రవేశమని పిలవడానికి అత్త కొడుకు, అంటే మా బావ, తన కారులో వచ్చాడు. పూలు బాన్సువాడలోనే చెప్పి పెట్టాడు, ఆదివారం పొద్దున్నే మళ్లీ వచ్చి పట్టుకుపోతాడట. ఆ కారును వారం వారం సర్వీసింగ్ సెంటరుకు తీసుకెళ్లి కడిగిస్తాడు. అద్దం అక్కర్లేదు, దాని తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. మా కారు పక్కన దాన్ని ఆపి, దిగుతూనే మొదలుపెట్టాడు.

“మామా, గీ కారు తెల్లదా, మట్టిదా? మొన్న గూడ చూసిన గనీ సమజ్ కాలే.”

బాపు నవ్వి ఊరుకున్నాడు. బావ ఊరుకోలేదు. “మరదలు లైసెన్సు తీసుకున్నదట గద! ఎందుకు, ఫ్రేము కట్టించి గోడకు పెట్టేటందుకా?”

ఇలాంటి మాటలకు నాకు గొప్ప గొప్ప జవాబులు తడుతుంటాయి, మర్నాడు స్నానం చేసేటప్పుడు. ఆ రోజు మాత్రం ఎందుకో తలుపు చాటు నుంచే ఒక జవాబు బయటికొచ్చేసింది. “ఆదివారం నేనే నడుపుకుంట వస్త” అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే బావ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, “ఏమన్నది? ఏమన్నది?” అని అందర్నీ అడిగాడు. అరుగు మీద కూర్చున్న మా అవ్వ (బాపు వాళ్ల అమ్మ) నా మాటను వీధి చివరిదాకా వినిపించింది. “కారు అదే నడుపుకుంట వస్తదట! చెవులల్ల దూది పెట్టుకున్నవా?”

ఇక బాపు ఎటూ తప్పించుకోలేకపోయాడు. కాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. “సరే. ఆదివారం పొద్దుగాల్ల కారును నువ్వే తయారు చెయ్యి. మీ బావ కారు కన్న ఎక్కువ మెరిస్తే తాళం నీకే. లేకుంటే ఇగ ఆ ముచ్చట మళ్ల ఎత్తొద్దు.”

మళ్లీ ఎత్తొద్దన్న ఆ చివరి మాటకు నాకు రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. మేలుకుని ఫోన్లో కార్లు కడిగే వీడియోలు చూశాను. వాటిలో మనుషులు కారుకు పసిబిడ్డకు పోసినట్టు నీళ్లు పోస్తారు. నురుగుకొక బకెట్, గుడ్డ జాడించడానికొక బకెట్. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, గుడ్డ గుండ్రంగా తిప్పకూడదు, ఎండలో కడగకూడదు, చివర్లో మైనం లాంటిదేదో పూసి మెరిపించాలి. బకెట్లు దొరికాయి. గుడ్డకు అమ్మ పాత నూలు చీర దొరికింది. షాంపూ నా తలదే. మైనం మాత్రం దొరకలేదు.

ఆదివారం తెల్లవారకముందే బాపు పొలం వైపు వెళ్లగానే పని మొదలుపెట్టాను. అవ్వ కూడా వచ్చి నిలబడింది. నేను పైకప్పు మీద నీళ్లు పోస్తుంటే, “మొగం ఇడిచిపెట్టి వీపు కడుగుతరానే ఎవరన్న?” అని కొంగు నడుముకు చుట్టి తనే లైట్లు రుద్దడం మొదలుపెట్టింది. (వాటిని కండ్లంటుంది. టైర్లు గిట్టలు. వెనుక నంబరు ప్లేటున్న భాగానికి ఆమె పెట్టిన పేరు ఇక్కడ రాయను.) ఒకసారి నేనిటు తిరిగేలోపు గడ్డి చుట్ట తెచ్చి తలుపు మీద వేయబోయింది. రెండు చేతులూ పట్టుకుని ఆపాను.

“గీతలు పడుతయే అవ్వా!”

“ఎడ్లకు పడలే గని దీనికి పడుతయా? ఎడ్ల కన్న నాజూకుదా ఇది?”

ఎనిమిది కాకముందే కారు శుభ్రంగా తెల్లబడింది. తెల్లబడింది కానీ మెరవలేదు. ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. నేను బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవ్వ నన్నూ కారునూ మార్చి మార్చి చూసి అంది, “పొలాల అమాసకు మీ తాత ఎడ్లను ఎట్ల తయారు చేస్తుండెనో ఎరుకనా?” పొలాల అమావాస్య మా వైపు ఎడ్ల పండుగ. ఆ రోజు ఎడ్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి, రంగులు పూసి ఊరేగిస్తారు. “కొమ్ములకు ఆముదం రాస్తే, ఊరి అవుతల నుంచి కనవడుతుండె మన జోడు.”

చదువుకున్నదాన్ని, అప్పుడైనా ఆలోచించాల్సింది. కానీ ఆమె అప్పటికే లోపలికెళ్లి తన తలకు రాసుకునే ఆముదం సీసా తెచ్చి, బానెట్ మీద అరచేయంత మేర రుద్ది చూపించింది. ఆ మేర అద్దంలా మెరిసింది. ఆ మెరుపులో నాకు బిచ్కుంద రోడ్డు కనిపించింది. ఇంకేం ఆలోచన? అద్దాల జోలికి మాత్రం పోనివ్వలేదు. మిగతా కారంతా ఇద్దరం కలిసి సీసా అడుగంటేదాకా రాశాం. అవ్వ చేతులకు మిగిలింది తలకు రుద్దుకుంది.

బాపు వచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు. “మన కారేనా?” అని దగ్గరికొచ్చి చెయ్యి చాపబోతే, అవ్వ ఆ చెయ్యి మీద ఒకటి వేసింది. “ముట్టకు! దిష్టి తగుల్తది.” బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మరుక్షణం ఆ చేతితోనే జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

నేను స్టీరింగ్ దగ్గర, పక్కన బాపు, వెనుక అమ్మా అవ్వా. ఊరు దాటేదాకా ఎవరూ ఊపిరి తీయలేదు. గేర్లు బాగానే పడుతున్నాయి. బాపు కూడా మెల్లగా సీటుకు ఆనుకున్నాడు. అప్పుడు కనబడింది ముందర ఒక ట్రాక్టర్, రైసు మిల్లు నుంచి ఊక వేసుకుని పోతున్నది. పైన కప్పిన పట్టా ఒక మూల ఊడి ఎగురుతుంటే, ఊక మేఘంలా మా మీదికి వస్తున్నది. ఎడమ వైపు ట్రాక్టర్. కుడి సగం రోడ్డంతా రైతులు ఎండబోసిన వడ్లు, వాటి చుట్టూ అడ్డంగా రాళ్లు. ముందుకు పోవాలంటే వడ్ల మీద నుంచి పోవాలి, లేదా హారన్ కొట్టి ట్రాక్టర్‌ను పక్కకు జరగమనాలి.

“హారన్ కొట్టు బిడ్డా.”

“కొడితే ఆయన ఉలిక్కిపడుతడేమో బాపూ.”

“ఉలిక్కిపడాలెననే గద కొట్టేది!”

నా బొటనవేలు హారన్ మీదికి వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషిని వెనుక నుంచి అరిచి పిలవడమే కదా అది! నావల్ల కాలేదు. ట్రాక్టర్ వెనకే, దాని వేగంతోనే పోతూ ఉన్నాను. అద్దం మీద పడ్డ ఊక గాలికి జారిపోతున్నది. బానెట్ మీద పడ్డది మాత్రం అక్కడే స్థిరపడుతున్నది. మా తెల్ల కారుకు కళ్ల ముందే బంగారు రంగు బొచ్చు మొలుస్తున్నది.

“గా ఊక గాలికి పోవాలె గద, గట్ల అతుక్కుంటుందేంది?” అన్నాడు బాపు. అవ్వ కిటికీలోంచి చూస్తూ, “కాలువల నీళ్లు మంచిగున్నయి ఈ యేడు” అంది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ వాసన కూడా లేచింది. బాపు ముక్కెగరేశాడు. “అవ్వా, తలకు గంత ఆముదం రాసుకున్నవేందే?”

“రాసుకున్న కొడుకా” అంది అవ్వ. అబద్ధమేమీ కాదు. అమ్మకు విషయం అర్థమైపోయిందని, కొంగు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగిన ఆమె భుజాలు అద్దంలో కదులుతుంటే తెలిసింది.

అత్త ఇంటి ముందు షామియానా, నిండా జనం. కారు ఆగగానే మాటలు ఆగిపోయాయి. బావ ఎదురొచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, “మామా, కారుకు వెంట్రుకలు మొలిచినయేంది!” అన్నాడు. షామియానా మొత్తం నవ్వింది. అవ్వ దిగి చీర దులుపుకుని, “కొత్తింటికి ఉత్త చేతులతోని వస్తరా? ధాన్యలక్ష్మిని ఎంబడి తోలుకొచ్చినం” అంది. బావ బానెట్ మీద వేలితో గీసి, వాసన చూశాడు. “అరె, ఆముదం!”

బాపు నా వైపు తిరిగాడు. నేను తల దించుకుని, తాళం ఇచ్చేయడానికి చెయ్యి చాపాను. అంతమంది ముందు ఏడవకూడదని పెదవి కొరుక్కుంటున్నాను.

“ఫికర్ చెయ్యకు మామా, పొయ్యేటప్పుడు నేను నడుపుత. స్టీరింగ్ మరదలి తోని కాదు” అన్నాడు బావ.

బాపు తాళం తీసుకోలేదు. నెమ్మదిగా నడిచి, పక్కనే తళతళలాడుతున్న బావ కారు దగ్గర వంగాడు. టైరు సందులో గోటితో తవ్వి, ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. నలిగిన వడ్లు.

“పొద్దుగాల పూల కోసం గదే రోడ్డు మీద వచ్చినవ్ గద అల్లుడూ?”

“తొందరుండె మామా…”

“ఎవడో రైతు ఎండబోసుకున్నయివి. నా బిడ్డ ఊకంత మీద పోసుకున్నది గనీ, ఒక్క గింజ మీదికి బండిని పోనియ్యలే.” షామియానాలో ఉన్నవాళ్లలో చాలామంది రైతులే. నవ్వులు ఆగాయి. ఒకాయన తలూపాడు. బాపు నా చాచిన చేతిని తాళంతో సహా మూసేశాడు. “ఇది నీ దగ్గరనే ఉంచుకో. ఆముదం సీసా మాత్రం నాకియ్యి.”

“అండ్ల ఇగ ఏం లేదు” అంది అవ్వ.

ఆ ఊక వదిలించడానికి మాకు పట్టిన శ్రమ గురించి చెప్పను. అవ్వ శనగపిండితో నలుగు పెడదామంది. బాపు వద్దన్నాడు. చివరికి పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు రోజూ అదే కారులో ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాను. కోతల రోజుల్లో ఊక ట్రాక్టర్ అడ్డమొస్తే హారన్ కొడతాను. అది పక్కకు జరుగుతుంది, ఎవరూ ఉలిక్కిపడరు. దాటిపోయాక మాత్రం అద్దంలో ఒకసారి వెనక్కి చూస్తాను. ఆ దుమ్ములో, హారన్ మీద బొటనవేలు పెట్టి నొక్కలేక, ఎవరినీ నొప్పించకుండా ఒక పిల్ల ఇంకా ఆ ట్రాక్టర్ వెనకే వస్తున్నట్టు అనిపిస్తుంది. రానీ, దానికేం తొందర.