ఏడాది దాకా గుండు వద్దన్నారు

మా తమ్ముడికి పెళ్లీడు వచ్చేసరికి తల ముందు భాగం ఖాళీ అయిపోయింది. నాయనకూ అంతే, తాతకూ అంతేనట. కాకపోతే వాళ్లిద్దరికీ పెళ్లయి పిల్లలు పుట్టాక ఊడింది, వీడికి పెళ్లిచూపులకు ముందే ఊడింది. గొడవంతా అక్కడే వచ్చింది. ఆదోనిలో మాది పత్తి కమీషన్ దుకాణం. మండీలో బట్టతల సావుకారుకు మర్యాద పెరుగుతుందే గాని తగ్గదు. బట్టతల పెళ్లికొడుక్కి మాత్రం ఫోన్లో ఫొటో పంపిన పూటకే జాతకాలు కుదరలేదని కబురొస్తుంది.

నేను ఎమ్మిగనూరు కోడలిని. మా ఆయన మగ్గాల వాళ్ల దగ్గర చీరలు కొని అమ్ముతాడు. పుట్టిల్లు బస్సెక్కితే గంట దూరం కూడా లేదు కాబట్టి అక్కడ ఏం జరిగినా నా దాకా వస్తుంది, రాకపోతే నేనే వెళ్లి జోక్యం చేసుకుంటాను. తమ్ముడి జుట్టు సంగతీ అలాగే మీదేసుకున్నాను. ఉల్లిపాయ రసం నేనే తీసి పంపాను. అది రాసుకుని దుకాణంలో కూర్చుంటే రైతులు వంట ఎక్కడ చేస్తున్నారని అడిగారట. తర్వాత తలకు కొట్టుకునే మందు, మాత్రలు, వాడి రక్తమే తీసి వాడి తలలోకే ఎక్కించే సూదులు. ఉన్న జుట్టు నిలబడింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు.

చివరికి కర్నూలులో జుట్టు డాక్టరు దగ్గరికి పోదామన్నాను. నాయన నేనూ వస్తానని బయల్దేరాడు. అప్పటికే ఆయన ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, ఇంక మెత్తబడే దారి లేదని డాక్టర్లు చెప్పి ఉన్నారు. నాలుగు మెట్లెక్కితే నిలబడి రొప్పేవాడు. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ ఎత్తం. వద్దంటే వింటాడా!

"సరుకు సూడకుండా యాపారం చేస్తారామ్మా యాడన్నా?" అన్నాడు.

ఆ ఆసుపత్రిలో ముందు ఒక అమ్మాయి మాకు ప్యాచ్ చూపించింది. పలచటి జాలీ మీద వెంట్రుకలు కుట్టి, జిగురుతో తలకు అంటించేది. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని, రెండు బొటనవేళ్ల మధ్య ఒక పోచ పట్టి మెల్లగా లాగి చూశాడు, మండీలో దూది పట్టి చూసినట్టే. "పింజ పొడుగ్గానే ఉండాది గానీ, పాణం లేదమ్మా దీంట్లో" అని ఆ అమ్మాయికి తిరిగిచ్చాడు. ఆ అమ్మాయి పాపం నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది.

డాక్టరు నెమ్మదైన మనిషి. తల వెనక జుట్టు ఎప్పటికీ ఊడదని, అందులోంచి కుదుళ్లు ఒక్కొక్కటే తీసి ముందు నాటుతామని చెప్పాడు. నారుమడిలో పీకి పొలంలో నాటినట్టని నాయనే మాకు విడమరిచాడు. నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లో రాలిపోతాయట, కుదురు మాత్రం లోపలే ఉండి నెలల తర్వాత మళ్లీ మొలుస్తుందట. ఆపరేషన్ రోజు తలంతా గొరుగుతారు. అంతా చెప్పాక డాక్టరు మామూలుగా ఇంకో మాట అన్నాడు.

"ఆ తర్వాత ఏడాది దాకా గుండు గీయించకూడదు. కత్తి తగలకూడదు. ఉరుకుంద, తిరుపతి మొక్కులేమైనా ఉంటే ముందే తీర్చుకుని రండి."

తమ్ముడు తల దించుకున్నాడు. నేను గోడ మీది బొమ్మ చూశాను. నాయన దగ్గు ఆపుకోబోయి ఇంకా గట్టిగా దగ్గాడు. మొక్కులేమీ లేవు మాకు. ముగ్గురికీ ఒకటే ఆలోచన వచ్చిందని ముగ్గురికీ తెలిసిపోయింది. తండ్రి పోతే కొడుకు పదో రోజున తలా మీసమూ తీయించుకోవాలి. ఇంటికి వాడొక్కడే కొడుకు.

తిరుగు బస్సెక్కాం. గోనెగండ్ల దాటాక తమ్ముడు, "ప్యాచే పెట్టుకుంటాలే అక్కా. ఆ కోతలు గీతలు నాకు భయం" అన్నాడు. చిన్నప్పుడు జిన్నింగు మిల్లులో రేకు తగిలి కాలు చీరుకుపోతే కుట్లు వేసేటప్పుడు బిస్కెట్టు తింటూ కూర్చున్నవాడు వాడు. నేను సరే అన్నాను. ఇంకేమనగలను? ఇప్పుడు వద్దు, తర్వాత చేయించుకో అంటే, ఆ తర్వాత అనేది ఎప్పుడొస్తుందో చెప్పినట్టే కదా. నాయన కిటికీ వైపు తిరిగి నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

ప్యాచ్ పెట్టించుకుంటే చూడటానికి బాగానే ఉన్నాడు. ఫొటోల్లో ఇంకా బాగున్నాడు. కానీ ఆదోని ఎండ, గోడౌన్లో ఉక్క, గాలిలో తేలే దూది నుసి. చెమటకు జిగురు వదిలేది, వదిలిన అంచుకు నుసి అంటుకునేది. మా తమ్ముడు వంగడం మానేశాడు. చెప్పుల పట్టీ పెట్టుకోవాలన్నా కుర్చీలో కూర్చుని, మెడ నిటారుగా ఉంచి, చేత్తో తడుముకునేవాడు. ఎవరైనా భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడేవాడు. నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఒకరోజు నేనక్కడ ఉండగానే నాయనకు ఊపిరి అందలేదు. మంచం మీంచి సగం జారిపోయి గాలికోసం నోరు తెరిచాడు. తమ్ముడు పరుగున వచ్చి పైకి ఎత్తబోయి వంగాడు. అంచు లేచింది. వాడి చెయ్యి ముందు తన తలకు పోయింది, తర్వాత నాయన భుజం కిందికి పోయింది. రెప్పపాటే. ఆ అవస్థలో కూడా నాయన దాన్ని చూశాడు.

ఆక్సిజన్ పెట్టాం. కాస్త కుదుటపడ్డాక నాయన వాణ్ణి దగ్గరికి పిలిచాడు. నన్ను బయటికి పొమ్మనలేదు.

"రేయ్, నువ్వు ఆపరేషన్ ఏంటికి వద్దంటాండావో నాకు తెల్సు."

"భయం నాయనా."

"కోతకు కాదు. నేను పోతే గుండు గీయించుకోవల్లని, నాకోసం తల దాసిపెట్టుకోనుండావు. నాకొద్దప్పా ఆ తల. పొయ్యి జుట్టు పెట్టించుకోనిరా. నేను ఉండంగనే పో."

తమ్ముడు అక్కడే మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితే ఆ మాట నిజమని ఒప్పుకోవాలి కదా. ఆ వారమే కర్నూలు పోయి ఆపరేషన్ చేయించుకొచ్చాడు.

వచ్చినవాణ్ణి చూసి మా అమ్మ గడపలోనే ఆగిపోయింది. నున్నగా గొరిగిన తల, ముందు భాగమంతా ఎర్రటి చుక్కలు. తండ్రి బతికుండగా ఇంట్లో కొడుకు గుండుతో తిరగడం ఆమె కళ్లు ఓర్చలేదు. టోపీ పెట్టుకుంటే తప్ప అన్నం వడ్డించేది కాదు. పొద్దున లేస్తూనే వాడి మొహం చూసి, మీసం ఉందని చూసుకుని, తర్వాత తన నుదుట కుంకుమ ఇంత పెద్దది పెట్టుకునేది. డాక్టరు మీసం జోలికి పోలేదు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద ధైర్యం ఏదీ లేదు అప్పుడు.

ఆ రోజుల్లోనే కౌతాళం నుంచి పాత రైతొకాయన దుకాణానికి వచ్చాడు. మాకు దుకాణం ముందు, ఇల్లు వెనక. తమ్ముడు టోపీ తీసి గాలికి కూర్చున్నాడు. ఆయన వాణ్ణి చూశాడు, చేతిలో సంచి కింద పడేశాడు. "అయ్యో, సావుకార్రు హోగిబిట్రా!" అని కన్నడంలో పెద్దగా ఏడ్పు మొదలుపెట్టాడు. లోపల మంచం మీంచి నాయన గొంతు వచ్చింది.

"యాడికీ పోలేదప్పా, ఈడనే ఉండా. వాని మూతి సూడు, మీసం ఉండాదా లేదా?"

ఆ రైతు ఏడుస్తూనే నవ్వాడు, నవ్వుతూనే లోపలికొచ్చి నాయన కాళ్లు పట్టుకున్నాడు. అందరం నవ్వాం. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయనకు నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

ఆ మనిషి వెళ్లాక నాయన తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోమన్నాడు. టోపీ పెట్టుకోబోతే వద్దన్నాడు. వాడి తల వంక, మొహం వంక తేరిపార చూశాడు.

"తండ్రి పోయినంక కొడుకు ఎట్లుంటాడో ఏ తండ్రికీ కనపడదురా. నాకు కనపడినాది" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. అంత దుఃఖం నాకు ఆయన పోయిన రోజున కూడా రాలేదు, నిజం చెబుతున్నాను.

ఆ సాయంత్రం నేను ఎమ్మిగనూరు బయల్దేరుతుంటే నాయన నా చెయ్యి పట్టుకుని, "వాడు నా మాట ఇనడు. నువ్వు సూసుకో. వాని తలకు కత్తి తగలగూడదు" అన్నాడు. అలాగే నాయనా అన్నాను. అలాంటప్పుడు కాదనే కూతురు ఎక్కడైనా ఉంటుందా?

నాయన రెండు నెలలు గడవకుండానే పోయాడు. పోయేనాటికి తమ్ముడి తల ముందుకన్నా అన్యాయంగా ఉంది. డాక్టరు చెప్పినట్టే నాటినవన్నీ రాలిపోయి, ముందంతా బోసిగా, వెనక మాత్రం పొట్టి జుట్టు. పదో రోజు తుంగభద్ర ఒడ్డున వాడు ఎవరినీ అడగకుండా వెళ్లి మంగలి ముందు కూర్చుని, "గియ్యన్నా" అని తల వంచాడు.

ఆడవాళ్లం దూరంగా ఉన్నాం. నేను లేచి వెళ్లి అడ్డంగా నిలబడ్డాను.

"తలకు వద్దు. నాయన నాకు సెప్పిపోయినాడు."

మా పెదనాయన కోప్పడ్డాడు. "ఉండేదే నాలుగెంటికెలు. అవి తీసేదానికి ఏం పోయె? తండ్రికి చేసే కర్మలో గూడా లెక్కలేనా?" లోపల కుదుళ్లున్నాయని ఆయనకు ఆ ఏటి ఒడ్డున నేనెలా చెప్పను! తమ్ముడు తల ఎత్తలేదు.

"లెయ్ అక్కా, అడ్డం లెయ్. నాయనకు కొడుకు నేనా, నువ్వా?"

"నువ్వే. మాట మాత్రం నా దగ్గర తీసుకున్నాడు."

కర్మ చేయించే అయ్యవారు పెద్దమనిషి. మీసం, గడ్డం తీసి, వెనక కొంచెం కత్తెరతో తీస్తే చాలన్నాడు. అలాగే చేశారు. స్నానం చేసి వస్తూ తమ్ముడు నా మొహం చూడలేదు. తర్వాత కూడా చాలా నెలలు నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే అమ్మకిచ్చేవాడు. వాడిది తప్పని నేననను. నేను చేసింది తప్పని కూడా ఎవరితోనూ అననివ్వను.

అమ్మ ద్వారానే ఒక సంగతి తెలిసింది. మీసం లేని మొహం ఇప్పుడు కుర్రాళ్లకు ఫ్యాషన్. పత్తి పనిమీద వాడు బళ్లారి పోయినా, గుంతకల్లు పోయినా, ఎవరూ వాణ్ణి చూసి ఆగలేదు. గుండుతో ఉన్నవాణ్ణి హోటల్లో కాఫీ ఇచ్చేవాడు కూడా ఎవరు పోయారని అడుగుతాడు, అయ్యో అంటాడు. వీణ్ణి ఎవరూ అడగలేదు. "నాయన ఉన్నప్పుడు అందరూ పరామర్శించినారు. పోయినంక ఒక్కరన్నా అడగరేమమ్మా" అన్నాడట. ఇంట్లో వాడు ఏడవగా తను చూడలేదని కూడా అమ్మ చెప్పింది.

జుట్టు వచ్చింది. మెల్లమెల్లగా, ముందు నూగులా, తర్వాత ఒత్తుగా, నుదుటికి ఎంతో అందంగా వచ్చింది. ఏడాది నిండేసరికి పాపిడి తీసి దువ్వుకునేంత అయ్యింది. సంబంధాలు వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారు. అమ్మ ఒక అమ్మాయి ఫొటో నాకు పంపింది, చక్కగా ఉంది.

సంవత్సరీకానికి మళ్లీ ఏటి ఒడ్డుకు వెళ్లాం. అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. పిండాలు పెట్టడం అయిపోయింది. ఇంక లేద్దామనుకుంటుంటే తమ్ముడు మెట్ల మీద ఉన్న మంగలిని పిలిచి, ఆయన ముందు కూర్చున్నాడు. నాకు తెలియకుండానే నేను లేచి నిలబడ్డాను. అప్పుడు వాడు తల తిప్పి, అన్ని నెలల తర్వాత నన్ను నేరుగా చూశాడు.

"ఏడాది అయిపాయెగదక్కా" అన్నాడు.

కూర్చున్నాను. తడిసిన జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాతి మీద పడుతోంది. అంత ఒత్తు జుట్టు మా ఇంట్లో మగవాళ్లెవరికీ ఉండి ఎరగను. అది మళ్లీ వస్తుంది, డాక్టరు చెప్పాడు, నాకు తెలుసు. అయినా ఏటి వైపు తిరిగి కూర్చున్నాను. తర్వాత మీసం కూడా తీయించుకున్నాడు.

బస్సు రద్దీగా ఉంది. ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ దగ్గర నేను, మధ్యలో తమ్ముడు, ఈ పక్కన ఒడిలో గంప పెట్టుకున్న ఒక ముసలామె. ఆమె వాడి తల చూసింది, పెదవి పైన చూసింది.

"ఎవరు పోయినారప్పా?"

"మా నాయన."

"అయ్యో కొడకా! ఎప్పుడు పోయినాడు?"

తమ్ముడు నా వైపు చూశాడు.

"ఇయ్యాలే" అన్నాడు. ఆమె గంప కింద పెట్టి వాడి గుండు మీద చెయ్యి వేసింది. ఎమ్మిగనూరు వచ్చేదాకా వాడు ఏడుస్తూనే ఉన్నాడు.