సాంబ్రాణి పట్టిన గాజు పలకలు

ఆయుధపూజ అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. దేవుడి మీద కోపం కాదు. డెబ్బైల చివర్లో తిరుపతిలో రసాయనశాస్త్రం పరిశోధన చేస్తున్నప్పుడు పుట్టిన కోపం, ఇంకా చల్లారలేదు.

సిలికా అంటే వేరే ఏదో కాదు, ఇసుకలోనూ గాజులోనూ ఉండేదే. దానికి నీళ్లంటే మహా ఇష్టం. శుభ్రంగా కడిగిన గాజు మీద చుక్క వేస్తే పల్చగా పరుచుకుంటుంది. దానికి తగిన పూత పూస్తే మాత్రం అదే చుక్క చేమాకు మీద లాగా గుండ్రంగా నిలబడి జారిపోతుంది. ఏ పూతకు నీళ్లు ఎంత దూరం తొలగుతాయో తేల్చడం నా పని. పోల్చి చూడడానికి పూత లేని పలకలు కూడా మూత డబ్బాల్లో దాచుకునేదాన్ని. రెండేళ్లు వాటితోనే కాపురం చేశాను.

పూజనాడు మా గైడు గారు త్రాసులతో పాటు నా పలకలన్నీ సరస్వతి పటం ముందు పేర్పించారు. డబ్బాల మూతలు తీయొద్దు సార్ అని బతిమాలాను.

"సదువుల తల్లికి మూసిపెట్టి సూపిస్తామా?" అన్నారు.

కిటికీలు మూసి సాంబ్రాణి వేశారు. మనిషికి మనిషి కనపడలేదు.

సెలవులయ్యాక చూస్తే, పూత లేని పలకల మీద కూడా నీళ్లు పరుచుకోకుండా చుక్కలుగా నిలబడ్డాయి.

"పూత ఉన్నా ఒగటే, లేకపోయినా ఒగటే. ఇన్నాళ్లు ఏం జేసినావమ్మా? ఇంగ ఈ టాపిక్ వదిలేసి వేరేది మొదలుపెట్టు" అన్నారు, అందరి ముందు.

సాంబ్రాణి చెట్టు బంక సార్, పొగలోని ఆ జిడ్డే గాజుకు పట్టింది అన్నాను.

"పూజకే వంక పెడతావా? ఏ ఇంటి బిడ్డవమ్మా నువ్వు!"

మా నాయన గుడి కైంకర్యంలో ఉండేవారు. నా నోరు మూయించడానికి ఆ ల్యాబులో ఆ ఒక్క సంగతి చాలు. అదే మాట మగపిల్లలెవరైనా అంటే కుర్చీ వేసి వినేవారు. రెండేళ్ల కష్టం బూడిదలో పోస్తుంటే చూస్తూ ఊరుకోవాలా నేను?

మరుసటి రోజు పూత లేని రెండు పలకలు యాసిడ్‌తో కడిగి, ఒకదాన్ని ఆయన ఎదుటే సాంబ్రాణి పొగ మీద పట్టాను. రెండింటి మీదా చుక్క వేశాను. పొగ తగలనిదాని మీద నీళ్లు పరుచుకున్నాయి. పొగ పట్టినదాని మీద నిలబడ్డాయి.

ఆయన కళ్లద్దాలు సవరించుకుని, వంగి చాలాసేపు చూశారు.

"సరే, ఆ టాపిక్కే కానీ" అన్నారు. తర్వాత తలెత్తి, నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగారు: "ఇది నీకు ఎవురు జెప్పినారమ్మా?"